కాస్టింగ్ లేకుండా క్లాసులు రాయడం ఎలా?
పేమెంట్ అనే బేస్ క్లాసు (మిగతావాటికి మూలమైన క్లాసు), దాని కింద సబ్‌క్లాసులుగా కార్డ్‌పేమెంట్, చెక్‌పేమెంట్. లిస్టులోంచి తీసిన ప్రతిసారీ రకం చూసి కాస్ట్ చేయాల్సి (అంటే ‘ఇది ఫలానా రకం’ అని కోడ్‌లో చెప్పి ఆ రకంగా వాడాల్సి) వస్తోందన్నది మీ ప్రశ్న.

పనిని తప్పు చోట రాసినప్పుడే సాధారణంగా ఈ అవసరం పడుతుంది. చార్జీ లెక్క బయట ఇఫ్-ఎల్స్‌లో ఉంటే రకం తెలుసుకోక తప్పదు మరి. దాన్ని పేమెంట్‌లో చార్జీ() అనే అబ్‌స్ట్రాక్ట్ మెథడ్‌గా (పేరు మాత్రమే ఉండి, లోపలి కోడ్ లేని మెథడ్) పెట్టి, ప్రతి సబ్‌క్లాసులో ఓవర్‌రైడ్ చేయండి, అంటే దాని సొంత లెక్క అక్కడ రాయండి. ఇక లూప్‌కు అది కార్డో చెక్కో తెలియక్కర్లేదు. రేపు కొత్త రకం చేర్చి ఆ మెథడ్ రాయడం మరిచిపోతే కంపైలరే పట్టేస్తుంది. అదే కాస్ట్ తప్పుగా చేస్తే, జావాలో ప్రోగ్రామ్ నడుస్తుండగా క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వచ్చి పడుతుంది.

అలాగని చెక్కుకు మాత్రమే ఉండే చెక్ నంబర్‌ను కూడా బేస్ క్లాసులోకి ఎక్కించకండి. కార్డు దగ్గర అది నల్ (ఖాళీ విలువ) ఇస్తూ కూర్చుంటుంది, కాస్ట్ కన్నా అదే అధ్వానం. ఆ నంబర్ కావాల్సిన కోడ్‌కు మొదటినుంచే చెక్‌పేమెంట్‌ల లిస్టును విడిగా ఇవ్వండి.

కేవలం కలెక్షన్‌లోంచి తీసినందుకే కాస్ట్ చేస్తుంటే జెనెరిక్స్ (కలెక్షన్‌లో ఏ రకం ఉంటుందో ముందే చెప్పే పద్ధతి) చాలు, జావాలో 2004 నుంచే ఉన్నాయి. రెండూ సమానమా అని చూసే ఈక్వల్స్ మెథడ్‌కు వచ్చేది ఆబ్జెక్ట్ (అంటే ఏ రకమైనా కావచ్చు) కాబట్టి అక్కడ మాత్రం రకం చూడక తప్పదు, దానికి టెన్షన్ పడక్కర్లేదు.