ఆర్చ్ మ్యానింగ్‌ను తిట్టాలా, మెచ్చుకోవాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒక్క కుర్రాడి గురించే. టెక్సస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్. 2025 సీజన్ మొదలయ్యే ముందు అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) ర్యాంకింగ్స్‌లో ఆ జట్టుది మొదటి స్థానం. ఆ జట్టు చరిత్రలో సీజన్‌కు ముందే అలా నంబర్ వన్ కావడం అదే మొదలు. తీరా చూస్తే 12 మ్యాచ్‌ల్లో మూడు ఓడి, చాంపియన్‌ను తేల్చే 12 జట్ల ప్లేఆఫ్‌లో చోటే దక్కలేదు. ఆ కోపం ఇంకా చల్లారినట్టు లేదు. ఒకాయన అయితే ఐదు పేజీలు రాశారు, అందులో మూడు పేజీలు ఇక్కడ అచ్చు వేయదగ్గవి కావు.

ప్రశ్న: మా ఇంట్లో డిన్నర్ టైమ్‌లో రోజూ ఇదే గొడవ. సీజన్ మ్యానింగ్ వల్లే పోయిందని నేనంటాను. టెక్సస్ యూనివర్సిటీలోనే చదివే మా అబ్బాయేమో కోచ్ సార్కిసియన్‌దే తప్పంటాడు. మీరే తీర్పు చెప్పండి. (ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి)

తీర్పు చెబుతాను కానీ, ఓడిన మూడు మ్యాచ్‌లనూ ఒకే గాటన కట్టకండి సార్.

ఆగస్టు 30న కొలంబస్‌లో ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడారు. ఇది చాలావరకు మ్యానింగ్ ఖాతాలోకే వెళ్తుంది. 30 పాస్‌లు వేస్తే 17 చేరాయి, 170 యార్డులు వచ్చాయి, ఒకటి అవతలి వాళ్ల చేతిలో పడింది (దాన్నే ఇంటర్‌సెప్షన్ అంటారు). జట్టుకు మొదటి పాయింట్లు వచ్చేసరికే నాలుగో క్వార్టర్ నడుస్తోంది. ఆ రోజు అతని పాదాలు చూశారా? మనిషి ఖాళీగా నిలబడి ఉన్నా పాదాలు అటువైపు తిరగకుండానే చేత్తో విసిరేస్తున్నాడు. బంతి పోయి రిసీవర్ మోకాళ్ల దగ్గర పడుతోంది. అది కోచ్ తప్పు కాదు, అతనికి కాపుకాసే లైన్ తప్పూ కాదు. పెద్ద స్టేజీ మీద తొందరపాటు.

అక్టోబరు 4న గెయిన్స్‌విల్‌లో ఫ్లోరిడా చేతిలో 29-21. ఇక్కడ మీ అబ్బాయికే నా ఓటు. అతని ముందు గోడలా నిలబడాల్సిన ఐదుగురిలో నలుగురు కొత్తవాళ్లు. ముందు ఏడాది అక్కడ నిలబడిన కెల్విన్ బ్యాంక్స్‌ను ప్రొఫెషనల్ జట్టు న్యూ ఆర్లియన్స్ సెయింట్స్, కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తొమ్మిదో పేరుగా తీసుకుపోయింది. మిగతావాళ్లూ వెళ్లిపోయారు. ఆ కొత్త గోడ ఫ్లోరిడా ముందు కూలింది, కుర్రాణ్ణి ఆరుసార్లు కింద పడేశారు. జట్టు మొత్తంలో బంతి పట్టుకుని ఎక్కువ యార్డులు పరిగెత్తిందీ అతనే. క్వార్టర్‌బ్యాక్ అంతలా పరిగెత్తాడంటే ప్రాణం దక్కించుకోవడానికి పరిగెత్తాడని అర్థం. అలాగని అతను వేసిన రెండు ఇంటర్‌సెప్షన్లు మాఫీ అయిపోవు.

ఇక నవంబరు 15న జార్జియా చేతిలో 35-10. మూడో క్వార్టర్‌లో 14-10 దాకా వచ్చిన మ్యాచ్ అది. తర్వాత జార్జియా తమ సగంలోనే ఉండి, నాలుగో డౌన్‌లో, అంటే చివరి ప్రయత్నంలో, తెగించి ఆడి టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించి తెచ్చే ఆరు పాయింట్లు) కొట్టింది. వెంటనే ఎవరూ ఊహించని ఆన్‌సైడ్ కిక్ (బంతిని దగ్గరికే తన్నడం) కొట్టి, బంతి మళ్లీ తనే పట్టుకుని, ఇంకో టచ్‌డౌన్ కొట్టింది. ఆ రెండింటి మధ్య మ్యానింగ్ చేతికి బంతే రాలేదు. సైడ్‌లైన్ మీద నిలబడి చూడ్డం తప్ప అతను చేయగలిగింది ఏముంది?

కాబట్టి కొలంబస్ మీది, గెయిన్స్‌విల్ మీ అబ్బాయిది, జార్జియా ఇద్దరిదీ కాదు. ఇక అన్నం చల్లారకముందే తినండి.

ప్రశ్న: మా మనవడు ఆస్టిన్‌లో చదువుతున్నాడు. ఫోన్ చేస్తే చాలు, ఈ క్వార్టర్‌బ్యాక్ గురించే చెబుతాడు. పదకొండు మంది ఆడే ఆటలో ఒక్కణ్ణే ఎందుకు తిడతారు బాబూ? అసలు అతని పనేమిటి? (విజయవాడ నుంచి ఒక అమ్మమ్మ)

మంచి ప్రశ్న అడిగారమ్మా. ఇరవై ఏళ్లుగా టీవీ ముందు కూర్చుని చూసేవాళ్లకూ కొందరికి తెలియని సంగతి ఇది.

ఆట మొదలయ్యే ప్రతిసారీ మధ్యలో వంగి ఉన్న ఆటగాడు కాళ్ల మధ్యనుంచి బంతిని వెనక్కి అందిస్తాడు. అందుకునేవాడే క్వార్టర్‌బ్యాక్. అక్కణ్ణించి అతనికి దొరికే టైమ్ సుమారు మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో అవతల నూట ముప్ఫై, నూట నలభై కిలోల మనుషులు మీదికి దూకుతుంటారు. ఇతను వాళ్లను చూడకూడదు. దూరంగా పరిగెత్తే తన వాళ్లలో ఎవరు ఖాళీగా ఉన్నారో, ఇంకో అరక్షణంలో ఎవరు ఖాళీ అవుతారో చూసి, మనిషి ఉన్న చోటికి కాకుండా వెళ్లబోయే చోటికి బంతి విసరాలి. కుదరకపోతే పరిగెత్తాలి, లేదా బయటికి విసిరేయాలి. దాదాపు ప్రతి ఆటలో బంతి అతని చేతిమీదుగానే పోతుంది కనుక తిట్లూ పొగడ్తలూ అతనికే. ముందు కాపుకాసే లైన్‌లో ఎవడో కాలు జారి అతను కింద పడినా, మర్నాడు పేపర్లో ఫొటో అతనిదే.

మనవడు ఈసారి ఫోన్ చేస్తే "లైన్ ఎలా ఉందిరా?" అని అడగండి. వాడి చేతిలోంచి ఫోన్ జారిపోతుంది.

ప్రశ్న: తాత ఆర్చీ మ్యానింగ్, పెదనాన్న పేటన్, బాబాయి ఈలై, ముగ్గురూ పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌లే. ఇంటిపేరు లేకపోతే ఈ కుర్రాణ్ణి ఎవరైనా పట్టించుకునేవారా? మన సినిమా వారసుల కథే కదా ఇది? (హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థి)

సగం కరెక్ట్. ముందు చుట్టరికం సరిచేస్తాను. ఆర్చ్ నాన్న కూపర్ ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దవాడు, కాబట్టి పేటన్, ఈలై ఇద్దరూ బాబాయిలే.

ప్రకటనలు, కెమెరాలు, సీజన్ మొదలవకముందే ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అతనిదేనన్న జోస్యాలు, ఇవన్నీ ఇంటిపేరు తెచ్చినవే. కాదనను. అప్పటికి అతను మొదటి నుంచీ ఆడిన కాలేజీ మ్యాచ్‌లు రెండే, అవి కూడా 2024లో అప్పటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్‌కు దెబ్బ తగిలితే దక్కినవి. రెండు మ్యాచ్‌ల వాడికి ట్రోఫీ రాసిచ్చేసింది మనమూ టీవీవాళ్లూ. అతను అడగలేదు.

మిగతా సగం మాత్రం ఒప్పుకోను. వారసుడి మొదటి సినిమా పోతే రెండోది, మూడోది కూడా తీయించగల నాన్న ఉంటాడు. మీద పడే ఫ్లోరిడా ఆటగాడికి ఈ తాతగారితో మొహమాటం ఏముంటుంది? పైగా ఈ కుర్రాడు రెండేళ్లు యూవర్స్ వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఆటగాళ్లు కాలేజీ మారడానికి పేరిచ్చుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచి ఉంటే, అతని పేరుకు ఎర్రతివాచీ పరిచే కాలేజీలు డజనుకు తక్కువ ఉండవు. వెళ్లలేదు.

ఆ ఇంటివాళ్లకు ఓటమి కొత్తేమీ కాదు. తాత ఆర్చీ న్యూ ఆర్లియన్స్ సెయింట్స్‌కు ఆడినన్నాళ్లూ ఆ జట్టు ఒక్క సీజన్‌లోనూ ఓటముల కంటే ఎక్కువ గెలుపులు చూడలేదు. 1980లో 16 మ్యాచ్‌లకు ఒక్కటే గెలిస్తే, అభిమానులు సిగ్గుతో తలకు కాగితం సంచులు తగిలించుకుని స్టేడియానికి వచ్చారు. పేటన్ అంతటివాడు టెనెసీ యూనివర్సిటీలో నాలుగేళ్లు ఉండి ఫ్లోరిడాను ఒక్కసారీ ఓడించలేకపోయాడు. అతను వెళ్లిపోయిన మరుసటి ఏడాది, 1998లో, టీ మార్టిన్ క్వార్టర్‌బ్యాక్‌గా అదే టెనెసీ ఫ్లోరిడాను ఓడించి జాతీయ చాంపియన్ అయింది. ఈ సంగతి నా టెనెసీ మిత్రుడి దగ్గర ఎత్తితే ఇప్పటికీ మాట మారుస్తాడు.

ప్రశ్న: సెప్టెంబరులో యూటెప్ మ్యాచ్‌లో సొంత స్టేడియంలోనే అతణ్ణి బూ అన్నారు. నేను కూడా అన్నాను. నా రూమ్మేట్ ఇప్పటికీ దెప్పుతున్నాడు. డబ్బు తీసుకుని ఆడేవాణ్ణి అనకూడదా? (ఆస్టిన్ నుంచి ఎంఎస్ విద్యార్థి)

ఆ మధ్యాహ్నం పై అంతస్తులో ఎండకు మాడుతూ నేనూ ఉన్నాను. యూటెప్ అంటే టెక్సస్ ఎల్ పాసో, ఎవరూ లెక్కలోకి తీసుకోని జట్టు. మనవాడు వరుసగా పది పాస్‌లు ఒక్కటీ చేరకుండా వేశాడు. చివరికి 25కు 11, మొత్తం 114 యార్డులు. మ్యాచ్ 27-10తో గెలిచారు, కానీ మొదట నిట్టూర్పులుగా మొదలైంది కాసేపటికి అరుపులుగా మారింది. నా ముందు వరుసలో టెక్సస్ జట్టు రంగు బర్న్ట్ ఆరెంజ్ టోపీ పెట్టుకున్న పెద్దావిడ మాత్రం ప్రతి మిస్సుకీ చప్పట్లు కొట్టింది. ఎవరినో ఏడిపించడానికన్నట్టు.

డబ్బు సంగతి కొస్తే మీ మాటలో పస ఉంది. 2025 జులై నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చు. ఆ మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ప్రకటనల సంపాదన దానికి అదనం. జీతం తీసుకునేవాడి పని బాగాలేకపోతే బాగాలేదనే హక్కు టికెట్ కొన్నవాడికి ఉంటుంది. నేను బూ అనలేదు, అలాగని అన్నవాళ్లను తప్పుపట్టను. కానీ మ్యాచ్ అయ్యాక 21 ఏళ్ల కుర్రాడి ఫోన్‌కు బూతులు పంపేవాళ్లున్నారే, వాళ్ల కోసం మీరు వాదించకండి. అది టికెట్‌తో పాటు వచ్చే హక్కు కాదు.

ప్రశ్న: సీజన్ చివర ఆడిన బౌల్ మ్యాచ్‌తో కలిపి 26 టచ్‌డౌన్ పాస్‌లు, 7 ఇంటర్‌సెప్షన్లు, 3,000కు పైగా యార్డులు. దీన్ని ఎవరైనా ఫెయిల్యూర్ అంటారా? లెక్కలు చూసి మాట్లాడమనండి. (ప్లేనో నుంచి డేటా అనలిస్ట్)

లెక్కలు చూసే మాట్లాడదాం. మొత్తం కలిపితే సెప్టెంబరు దాక్కుంటుంది, నవంబరు కూడా దాక్కుంటుంది. అక్టోబరు 18న కెంటకీ మీద 27కు 12, 132 యార్డులు. ఓవర్‌టైమ్‌లో ఫీల్డ్ గోల్‌తో (కాలితో తన్ని తెచ్చే మూడు పాయింట్లు) 16-13గా బయటపడ్డారు. ఆ మ్యాచ్ గెలిచింది డిఫెన్స్, ఇతను కాదు. వారం తిరక్కుండా మిసిసిపీ స్టేట్ మీద నాలుగో క్వార్టర్‌లో 17 పాయింట్లు వెనకబడి 346 యార్డులు విసిరాడు. ఓవర్‌టైమ్‌లో తలకు దెబ్బ తగిలి బయటికి వెళ్తే, బెంచీ మీది మాథ్యూ కాల్డ్‌వెల్ వచ్చి గెలుపు టచ్‌డౌన్ వేశాడు. ఆపై వారం వ్యాండర్‌బిల్ట్ మీద 33కు 25, 328 యార్డులు, మూడు టచ్‌డౌన్లు. పాదాలు నేల మీద ఆనడం నేను మొదట గమనించింది ఈ మ్యాచ్‌లోనే.

అర్కాన్సా మీద నాలుగు వేసి, ఒకటి పరిగెత్తి, ఒకటి తనే పట్టి ఆరు టచ్‌డౌన్లు చేశాడు. చూడ్డానికి పండగే, కానీ ఆ డిఫెన్స్ మీద నేను పెద్దగా లెక్క వేయను. నాకు విలువైనది నవంబరు 28. అదే రాష్ట్రంలోని ఇంకో యూనివర్సిటీ, అప్పటిదాకా ఓటమి ఎరుగని టెక్సస్ ఎ అండ్ ఎం మీద 27-17. పాస్‌లు పెద్దగా పారని రోజు. నాలుగో క్వార్టర్‌లో బంతి పట్టుకుని 35 యార్డులు తనే పరిగెత్తి మ్యాచ్ తెంచాడు. తర్వాత సిట్రస్ బౌల్‌లో మిషిగన్ మీద 41-27.

అందుకని నా మార్కులు: సెప్టెంబరుకు నూటికి 40, నవంబరుకు 80. సగటు తీయొద్దు, మీ స్ప్రెడ్‌షీట్ చేసే తప్పే అది.

ప్రశ్న: యూటెప్ మ్యాచ్ తర్వాత అతణ్ణి పక్కన పెట్టి ఉండాల్సింది. ఓక్లహోమా 2021లో అదే చేసి బాగుపడలేదా? (హ్యూస్టన్)

స్పెన్సర్ రాట్లర్ సంగతి అంటున్నారు. అతను కూడా ఆ ఏడాది హైస్మన్ ఫేవరెట్టే. సెప్టెంబరులో సొంత అభిమానులే "మాకు కేలెబ్ కావాలి" అని అరిచారు. అక్టోబరులో డాలస్‌లో ఇదే టెక్సస్ మీద 28-7తో వెనకబడ్డ మ్యాచ్‌లో కేలెబ్ విలియమ్స్‌ను దింపారు, 55-48తో గెలిచారు. నిజమే, ఆ రోజుకు బాగుపడ్డారు. కానీ మరుసటి ఏడాదికి రాట్లర్ సౌత్ కరోలైనాకు, కేలెబ్ కోచ్ వెంట యూఎస్‌సీకి వెళ్లిపోయారు. ఓక్లహోమాకు ఇద్దరూ మిగల్లేదు. ఆ రాట్లరే 2022లో టెనెసీ మీద 438 యార్డులు, ఆరు టచ్‌డౌన్లు వేశాడు.

పైగా ఓక్లహోమాకు బెంచీ మీద కేలెబ్ ఉన్నాడు. టెక్సస్ బెంచీ మీద అలాంటివాడు ఉంటే చెప్పండి, మాట్లాడదాం.

ప్రశ్న: 2026 సెప్టెంబరు 12న ఒహాయో స్టేట్ ఆస్టిన్‌కు వస్తోందట. అప్పటికి నేను మా అమ్మాయి దగ్గరే ఉంటాను. స్టేడియానికి రమ్మంటోంది. ఆట రాదు, వెళ్లొచ్చా? (గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్)

తప్పకుండా వెళ్లండి మాస్టారూ. మ్యానింగ్ ఇంకో ఏడాది ఉంటానన్నాడు, కొలంబస్ బాకీ తీర్చుకోవాల్సిన మ్యాచ్ అదే. సెప్టెంబరులో ఆస్టిన్ ఎండ గుంటూరు వాళ్లకు లెక్క కాదు కానీ టోపీ పెట్టుకోండి. ఎర్ర చొక్కా వద్దు, అది అవతలి వాళ్ల రంగు. మెరూన్ అసలే వద్దు, అది ఎ అండ్ ఎం వాళ్లది, మీ పక్క సీటువాడు మిమ్మల్ని ఏ జట్టువాడో తేల్చుకోలేక ఆట వదిలేసి మిమ్మల్నే చూస్తాడు. చిన్న పర్సు, లోపలున్నవి బయటికి కనిపించే ప్లాస్టిక్ సంచి తప్ప మామూలు బ్యాగులు లోపలికి రానివ్వరు. పులిహోర డబ్బా కారులోనే ఉంచి, మ్యాచ్ అయ్యాక పార్కింగ్ దగ్గర తినండి. ట్రాఫిక్ కదలడానికి ఎలాగూ గంట పడుతుంది.