మామిడి నీడలో ఏం నాటాలి? టులిప్ మాత్రం వద్దు

ప్రశ్న: మాది శ్రీకాకుళం. ఇంటికి ఉత్తరం వైపు ప్రహరీ వెంట మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు నేల ఉంది. సగం మేర మామిడి చెట్టు కమ్మేసింది. గులాబీ, చామంతి పెట్టి చూశాను, సన్నగా సాగి ఆకులు రాల్చేశాయి. పోయిన డిసెంబరులో ఆన్‌లైన్‌లో 850 రూపాయలు పెట్టి పది టులిప్ గడ్డలు తెప్పించి పాతితే, రెండంగుళాలు మొలిచి కుళ్లిపోయాయి. మోకాళ్ల నొప్పులు, రోజూ వంగి చాకిరీ చేయలేను. ఏం వేసుకోమంటారు?

జవాబు: అమ్మా, ముందు టులిప్ సంగతి తేల్చేద్దాం. తప్పు మీది కాదు. టులిప్ గడ్డకి పువ్వు రావాలంటే పన్నెండు వారాలైనా పది డిగ్రీల లోపు చలి తగలాలి. మనకి పుష్య మాసంలో తెల్లవారుజామున దుప్పటి కప్పుకునే చలే గానీ అంత చలి ఎక్కడిది? శ్రీనగర్‌లో 2007లో మొదలైన పెద్ద టులిప్ తోటలోనే పూలు నెల రోజుల ముచ్చట. ఫ్రిజ్‌లో మూడు నెలలు పెట్టి కుండీలో ఒకసారి పూయించొచ్చు, కానీ పక్కన అరటిపళ్లో మామిడిపళ్లో ఉంటే వాటినుంచి వచ్చే ఇథిలిన్ వాయువుకి లోపలి మొగ్గ మాడిపోతుంది, పైగా ఆ ఒక్క పూతతో గడ్డ పని అయిపోతుంది. ఈ టెన్షన్ మనకెందుకు చెప్పండి.

ఇక మీ నేల. అందరూ నీడే సమస్య అనుకుంటారు గానీ, అసలు పేచీ మామిడి వేళ్లతో. పైపైన అల్లుకున్న ఆ వేళ్లు మీరు పోసిన నీళ్లు మీ మొక్క కంటే ముందు తాగేస్తాయి. అలాగని పైన ట్రాక్టరు మట్టి పోయించకండి, మొదలు చుట్టూ మట్టి ఎత్తు చేస్తే చెట్టుకే చేటు. నేను మా పనస చెట్టుకి ఆ పని చేసి, రెండేళ్లు కాపు లేక, మళ్లీ కూలి ఇచ్చి తవ్వి తీయించాను.

ఇంకో మెలిక ఉంది. చిన్నదని తోసేయకండి. నవంబరు నుంచి జనవరి దాకా మామిడికి నీళ్లు పెడితే పూత బదులు కొత్త చిగుళ్లు వేస్తుంది, అందుకే రైతులు ఆ నెలల్లో తడి ఆపేస్తారు. అంటే మీకు కావలసింది సరిగ్గా ఆ రోజుల్లో నిద్రపోయే మొక్కలు. దుంపజాతిలో అవి బోలెడు. మృగశిర కార్తెకి లేచి, వానలన్నీ తాగి, చలికాలానికి ఆకులు ఎండబెట్టుకుని పడుకుంటాయి. మీ మోకాళ్లకీ విశ్రాంతే.

నా ఓటు మొదట పసుపుకి. నవ్వకండి. వెడల్పాటి పచ్చని ఆకుతో ఏ నర్సరీ మొక్కకీ తీసిపోదు, కొబ్బరితోటల నీడలో కూడా పండుతుంది, సీతంపేట వైపు కొండల మీద పండించే పంటే. పచ్చి కొమ్ములు పావుకిలో దొరికినా చాలు. దాని పక్కన ఒకటి రెండు కందదుంపలు వేయండి, ఒక్కొక్కటీ గొడుగు విప్పినట్టు లేస్తుంది. ముందు వరుసలో కలాడియం, అదే చేమాకులా ఉండి ఎరుపు, తెలుపు మచ్చలుండేది. ఇంట్లో పసిపిల్లలుంటే మాత్రం దూరంగా పెట్టండి, ఆకు నమిలితే నోరు మండిపోతుంది. ఫుట్‌బాల్ లిల్లీ కూడా ఒక అర డజను గడ్డలు వేయండి, మెడ మట్టి పైకి కనిపించేలా పాతి మరిచిపోండి, మే నెలలో ఎర్రటి బంతిలా లేచినప్పుడు మీరే ఫోటోలు తీస్తారు. దండల్లో కట్టే తెల్ల లిల్లీ మాత్రం ఇక్కడ వద్దు, దానికి ఎండ కావాలి.

ఎండ అంటే గుర్తొచ్చింది. ఉత్తరం వైపు ఏడాదంతా నీడే అనుకోకండి. మన శ్రీకాకుళంలో మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. మామిడి కొమ్మ లేని ఆ మిగతా సగానికి అప్పుడే ఎండ తగులుతుంది, అదీ మాంచి వేడిలో. కలాడియం, పీస్ లిల్లీ అక్కడ పెడితే ఆకు అంచులు కాలిపోతాయి. అక్కడికి స్పైడర్ లిల్లీ బెస్ట్, తెల్లటి సాలీడులా పూస్తుంది, ఎండకీ నీడకీ ఓర్చుకుంటుంది. కొనక్కర్లేదు, ఎవరి దొడ్లోనో గుబురు కట్టి ఉంటుంది, రెండు పిలకలు అడిగితే కాదనరు. వానాకాలంలో నల్లటి ఒంటి మీద తెలుపు, ఎరుపు మచ్చలున్న గొంగళిపురుగులు పడితే పొద్దున్నే పుల్లతో ఏరి సబ్బునీళ్లలో వేయండి. రెండు రోజులు ఊరుకున్నారా, ఆకు మిగలదు.

పీస్ లిల్లీ కూడా కావాలనిపిస్తే కుళాయి దగ్గర పెట్టండి. మామిడి కింద పెడితే ఏప్రిల్ దాటదు.

నాటేటప్పుడు నేలంతా తవ్వొద్దు. గునపంతో వేళ్ల మధ్య సందు చూసి జానెడు గొయ్యి తీసి, బాగా మాగిన గెత్తం, అదే పశువుల ఎరువు, రెండు గుప్పిళ్లు వేసి దుంప పెట్టండి. మామిడాకులు ఊడ్చి తగలబెట్టకుండా పైనే పరిచేయండి, కలుపు రాదు, తడి నిలుస్తుంది. కొనేవి ఏవైనా ఉంటే జూన్ వానలు పడ్డాకే కొనండి. కడియం నర్సరీల నుంచి వ్యాన్ల మీద వచ్చే మొక్కలు నిగనిగలాడుతూనే ఉంటాయి గానీ నీడనిచ్చే నెట్ కింద పెరిగినవి, మే ఎండకి మన ఇంటికొచ్చిన వారానికే తల వేలాడేస్తాయి.

ప్రశ్న: స్నేక్ ప్లాంట్ పెడితే పాములు రావంటున్నారు. మా అత్తగారేమో పెడితేనే వస్తాయంటున్నారు. ఏది నిజం? – విజయనగరం నుంచి మరో పాఠకురాలు

జవాబు: రెండూ కాదు. ఆ పేరు ఆకు మీది చారల్ని చూసి పెట్టింది. పాము వచ్చేది ఎలకల కోసం, కప్పల కోసం. గోడవార పగిలిన పెంకులు, ఇటుకల కుప్ప ఉంటే తీయించేయండి, మొక్కని నిక్షేపంగా పెట్టుకోండి. నెలకి రెండుసార్లు నీళ్లు చాలు, ఎక్కువైతేనే కుళ్లుతుంది. అత్తగారికి మాత్రం ఆ ఇంగ్లీషు పేరు చెప్పకండి.