బండి మ్యాగ్నెట్ రోటర్‌లో ముక్కలు ఊడాయి, అతికిస్తే ఆగుతాయా?

మీరు అడిగింది ఇదీ: కల్వకుర్తి పక్క ఊరు, పాల క్యాన్లు మోసే 150 సీసీ బండి. ఎడమ కవర్‌లోంచి గరగరమని శబ్దం, బ్యాటరీ ఊరికే దిగిపోతోంది. మెకానిక్ విప్పి చూసి, రోటర్ లోపల రెండు మ్యాగ్నెట్లు కదులుతున్నాయి, ఒకదాని మూల విరిగింది, మొత్తం మార్చాలన్నాడు. ఫెవిక్విక్ పెట్టి నడపొచ్చా అని మీ ప్రశ్న.

అతికించవచ్చు. నా బండికి అతికించాను, ఇప్పటికీ దాని మీదే తిరుగుతున్నాను. ఫెవిక్విక్ మాత్రం వద్దు. నాది నల్గొండలో బోరు మోటార్ల వైండింగ్ పని, బండ్ల మెకానిక్‌ని కాను. కాకపోతే కాయిల్ కాలిపోయిందని స్టేటర్లు, అంటే రోటర్ మధ్యలో ఉండే కాయిల్ చుట్టిన భాగాలు, నా దగ్గరికి వస్తుంటాయి. వాటిలో కొన్ని కాలినవి కావు, ఊడిన మ్యాగ్నెట్ గీరేసినవి. కోర్, అంటే కాయిల్ చుట్టే ఇనుప దిమ్మ, చుట్టూ తళతళ మెరుస్తూ గీత ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది.

అసలు అక్కడ ఏం జరుగుతుందో ముందు చెబుతాను. రోటర్ ఒక ఉక్కు గిన్నె. దాని లోపలి గోడకు మ్యాగ్నెట్ ముక్కలు అంటించి ఉంటాయి, మధ్యలో స్టేటర్ కదలకుండా కూర్చుంటుంది. ఇంజిన్ 6000 ఆర్‌పీఎం మీద ఉన్నప్పుడు, మధ్య నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న 50 గ్రాముల ముక్క మీద దాదాపు 100 కిలోల బలం పడుతుంది. అయితే ఆ బలం ముక్కను బయటికి, గోడ వైపే నొక్కుతుంది. గోడ ఉక్కుది కాబట్టి మోస్తుంది. జిగురు ఆపాల్సింది పక్కకు జరగడాన్ని. సెల్ఫ్ కొట్టినప్పుడు, కిక్ వెనక్కి తన్నినప్పుడు, గేర్లో ఉండగా ఇంజిన్ టక్కున ఆగినప్పుడు ముక్క పక్కకు జరగాలని చూస్తుంది. పైగా పక్కపక్క ముక్కలకు ధ్రువాలు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. జిగురు వదిలిన ముక్క జరిగి జరిగి పక్కదానికి టక్‌మని అతుక్కుంటుంది. ఉక్కుకు ఎలాగూ పట్టుకునే ఉంటుంది కాబట్టి వేలితో లాగితే రాదు. "గట్టిగానే ఉంది కదా" అని చాలామంది మోసపోయేది ఇక్కడే. లాగి చూడకండి, పక్కకు నెట్టి చూడండి.

మీ బ్యాటరీ గోల మ్యాగ్నెట్ వల్లేనా అన్నది కూడా తేల్చుకోవాలి. చాలా బండ్లలో స్టేటర్ నుంచి మూడు పసుపు వైర్లు వస్తాయి. సాకెట్ ఊడదీసి, మీటర్ ఏసీలో పెట్టి, ఇంజిన్‌ను ఒకే రేజ్ మీద ఉంచి, రెండేసి వైర్ల మధ్య చూడండి. మూడు జతలూ సమానంగా తక్కువ చూపిస్తే మ్యాగ్నెట్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఒకటి రెండు జతలే పడిపోతే కాయిల్ పోయినట్టు. మూడూ బాగానే ఉండి బ్యాటరీ మాత్రం నిండకపోతే ఆర్‌ఆర్ యూనిట్‌నో (ఏసీని డీసీ చేసి బ్యాటరీకి పంపే రెగ్యులేటర్ రెక్టిఫైయర్), వైరింగ్‌నో, బ్యాటరీనో చూడాలి. మీది గరగరలాడుతోంది కాబట్టి ఈ పరీక్ష కోసం ఇంజిన్ స్టార్ట్ చేయకండి, ముందు రోటర్ విప్పండి. రిపేరయ్యాక చూసుకోవచ్చు.

రోటర్ తీసేటప్పుడు పుల్లర్, అంటే మరతో బిగించి రోటర్‌ను బయటికి లాగే పనిముట్టు, తప్పనిసరి. సుత్తితో కొట్టి తీసేవాళ్లను నేను చూశాను, వాళ్లకు బండి ఇవ్వకండి. ఈ ముక్కలు ఎక్కువగా ఫెరైట్, అంటే పింగాణీ జాతి. దెబ్బ తగిలితే పగులుతాయి, బాగున్న ముక్కల జిగురు కూడా వదులుతుంది. క్రాంక్ ఎండ్ (రోటర్ బిగించే ఇంజిన్ ఇరుసు కొన) దెబ్బతింటే అది వేరే ఖర్చు. రోటర్ కింద చిన్న అర్ధచంద్రాకారపు కీ ఉంటుంది, పారేసుకోకండి. కవర్ తీసేటప్పుడు వేళ్లు జాగ్రత్త, స్టేటర్‌ను మ్యాగ్నెట్ చటుక్కున వెనక్కి లాక్కుంటుంది.

ముక్కలు ఊడదీసే ముందు పెయింట్‌తో గుర్తులు పెట్టండి. ఏ ముక్క ఏ చోట, ఏ వైపు పైకి, అన్నీ. కొన్ని రోటర్లలో ఒకే ముక్క మీద రెండు మూడు ధ్రువాలు ఉంటాయి, తలకిందులుగా పెడితే కరెంటు సగానికి పడిపోయినా పడిపోవచ్చు. గుర్తులు చెరిగిపోతే చిన్న దిక్సూచి తెచ్చి గోడ చుట్టూ తిప్పితే ముల్లు ఎక్కడ మళ్లుతుందో తెలుస్తుంది. దీనికి ఫోన్‌ని దగ్గరగా పెట్టకండి, దాని కంపాస్ పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది.

ఇక అసలు పని తుడవడం. అతికించిన ముక్క మళ్లీ ఊడిందంటే పది సార్లలో తొమ్మిది సార్లు కింద నూనె మిగిలిందనే అర్థం. పాత జిగురును హాక్సా బ్లేడు ముక్కతో గీకి, ఉక్కు గోడను సాన పేపర్‌తో గరుకు చేయండి. మ్యాగ్నెట్ వెనక వైపు కూడా పేపర్‌తో తేలికగా రుద్దండి చాలు, ఆకురాయి పెట్టకండి. రుద్దినప్పుడు రాలిన ఇనుప పొడి మీసాల్లా మ్యాగ్నెట్ అంచుకు నిలబడుతుంది, గుడ్డతో తుడిస్తే పోదు. గోధుమపిండి ముద్ద అద్ది తీస్తే మొత్తం దానికి అంటుకుని వచ్చేస్తుంది. ఆ తర్వాత థిన్నర్ లేదా అసిటోన్‌తో కడగండి. పెట్రోల్‌తో కడిగి సరిపెట్టుకోవద్దు, ఆరాక జిడ్డు మిగులుతుంది. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి. అప్పటిదాకా కడుగుతూనే ఉండండి, ఆ తర్వాత చేత్తో ముట్టుకోకండి.

జిగురు సంగతి. మీరు చెప్పిన రకం పెళుసు, వేడికి వదిలేస్తుంది. కవర్ విప్పగానే ఇంజిన్ ఆయిల్ కారిందంటే రోటర్ వేడి నూనె మధ్యే తిరుగుతోందన్న మాట. ఆ నూనె 100 డిగ్రీలు దాటడం మామూలే. మామూలు ఆరల్డైట్ కూడా ఆ వేడికి మెత్తబడుతుంది. 150 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ తట్టుకుంటుందని ప్యాకెట్ మీద రాసి ఉన్న రెండు ట్యూబుల ఎపాక్సీ కొనండి. మహబూబ్‌నగర్‌లో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి, లేదంటే ఆన్‌లైన్. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం తీసుకోవద్దు, ముక్కలు సర్దుకోవడానికి టైమ్ కావాలి.

పలుచగా పూసి, ముక్కను పాత గుర్తు మీద కూర్చోబెట్టండి. వదిలితే పక్కదాని వైపు జారిపోతుంది, అందుకని ముక్కల మధ్య సరైన మందానికి చెక్కిన వెదురు పుల్లలు బిగించండి. గట్టిపడ్డాక పుల్లలు తీసేసి ఆ సందుల్లో కూడా ఎపాక్సీ నింపండి. నన్నడిగితే ముక్కను పక్కకు జరగకుండా ఆపేది సందుల్లో నింపిన ఈ ఎపాక్సీయే. జిగురు మ్యాగ్నెట్ ముఖం మీదికి మాత్రం పొంగకూడదు, స్టేటర్‌కీ దానికీ మధ్య ఉండే ఖాళీ చాలా బండ్లలో మిల్లీమీటర్ లోపే. మా పనిలో అలవాటు కదా అని లోపల ఫైబర్ టేప్ చుట్టాలనిపిస్తుంది నాకు, కానీ అక్కడ అంత చోటు లేదు.

ఒక రోజంతా కదపకుండా ఉంచండి. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు ఉంటుంది కాబట్టి డాబా మీద ఎండలో పెడితే బాగా గట్టిపడుతుంది. వానాకాలమైతే వైండింగ్ ఆరబెట్టే పద్ధతే, అట్టపెట్టెలో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు వెలిగించి పెట్టండి. గ్యాస్ మంట చూపిస్తే ముక్కలు పగులుతాయి.

బిగించే ముందు స్టేటర్ పళ్ల మీద మార్కర్‌తో రంగు పూయండి. కవర్ పెట్టి, ప్లగ్ విప్పి, టాప్ గేర్లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పి, మళ్లీ కవర్ విప్పి చూడండి. రంగు చెక్కుచెదరకపోతే సరే. గీత పడితే ఏదో ముక్క పైకి లేచి ఉంది, అలా స్టార్ట్ చేయకండి. నట్టు కంపెనీ చెప్పిన టార్క్‌కే బిగించాలి. స్టార్ట్ చేశాక 4000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ టెర్మినల్స్ మీద 14 వోల్ట్‌ల చుట్టుపక్కల వస్తే ఛార్జింగ్ బాగున్నట్టే.

మూల విరిగిన ముక్క గురించి. గోరంత చిప్పు పోయి మిగతాదానికి పగులు లేకపోతే అతికించుకోండి, ఛార్జింగ్‌లో తేడా తెలియదు. అడ్డంగా పగిలితే, లేదా స్టేటర్ కాయిల్ దాకా గీరుకుపోయి ఉంటే మీ మెకానిక్ చెప్పిందే కరెక్ట్, మొత్తం మార్చేయండి. ఏది చేసినా, విరిగిన ఆ చిప్పు ఎక్కడుందో ముందు వెతకండి. రోటర్‌కే అంటుకుని ఉంటే అదృష్టం. దొరక్కపోతే, నూనెలో తిరిగే రోటర్ అయితే అది ఇంజిన్‌లోనే ఉంది. ఆయిల్ మొత్తం దించి, జాలీ ఫిల్టర్ విప్పి, అడుగున ఉన్న నల్ల రవ్వంతా కడిగాకే కొత్త ఆయిల్ పోయండి. ఆ రవ్వ ఆయిల్ పంపులోకి వెళితే రోటర్ ఖర్చు చిన్నదనిపిస్తుంది.