పేమెంట్ అయ్యాక బ్యాక్ నొక్కితే మళ్లీ పేమెంట్ పేజీకే వెళ్తోంది: ఫ్లట్టర్‌లో బ్యాక్ బటన్‌ని ఎలా ఆపాలి?

ఓటీపీ కొట్టి హోమ్‌కి వచ్చాక బ్యాక్ నొక్కితే మళ్లీ ఓటీపీ పేజీ వస్తోందని, పేమెంట్ సక్సెస్ దగ్గర నొక్కితే పే బటన్ ఉన్న పేజీ వస్తోందని, అందుకని ప్రతి స్క్రీన్‌కీ విల్‌పాప్‌స్కోప్ (బ్యాక్‌ని అడ్డుకునే విడ్జెట్) చుట్టేసి బ్యాక్‌ని పని చేయకుండా చేయాలా అని అడిగారు. వద్దండీ. వెనక్కి వెళ్తే ఏం కనిపించాలన్నది ముందుకు వెళ్లేటప్పుడే తేల్చేసుకోవాలి. మీ ఫ్లట్టర్ (మొబైల్ యాప్‌లు రాసే టూల్‌కిట్) కోడ్‌లో అన్నిచోట్లా మామూలు పుష్ (కొత్త పేజీని పైన పేర్చే ఫంక్షన్) వాడినట్టున్నారు. పుష్ చేసినప్పుడల్లా పాత పేజీ కిందే ఉండిపోతుంది. బ్యాక్ నొక్కితే అదే బయటపడుతుంది.

ఒక కాలేజీ ఫీజుల యాప్ వేరే టీమ్ నుంచి మా చేతికి వచ్చినప్పుడు అందులోనూ అచ్చం ఇదే తంతు. ఫీజు కట్టి, రసీదు చూసుకుని బ్యాక్ నొక్కితే మళ్లీ ‘చెల్లించండి’ అని పచ్చ బటన్. డబ్బు పోయిందో లేదో అన్న టెన్షన్‌లో తల్లిదండ్రులు దాన్ని ఇంకోసారి నొక్కేవాళ్లు. ఇక రిఫండ్ కోసం ఫోన్ల మీద ఫోన్లు. (ఒకే ఆర్డర్ ఐడీకి రెండోసారి డబ్బు తీసుకోకుండా సర్వర్‌లోనూ అడ్డుకట్ట ఉండాలి. అది వేరే సంగతి, కానీ మర్చిపోకండి.)

చాలామంది ఇక్కడ పుష్‌రీప్లేస్‌మెంట్ వాడమంటారు. అది పైనున్న ఒక్క పేజీనే మారుస్తుంది. మీకు ఫోన్ నంబర్ పేజీ, దాని మీద ఓటీపీ పేజీ ఉన్నాయి కదా. ఓటీపీ స్థానంలో హోమ్ వచ్చినా కింద ఫోన్ నంబర్ పేజీ అలాగే ఉంటుంది. కాబట్టి లాగిన్ అయ్యాక పుష్‌అండ్‌రిమూవ్‌అంటిల్ (కొత్త పేజీ పెట్టి, మీ కండిషన్ నిజమయ్యే పేజీ దాకా కిందివి తీసేసేది) వాడి, కండిషన్‌లో ఫాల్స్ ఇవ్వండి. కిందున్నవన్నీ పోతాయి. పేమెంట్ సక్సెస్‌కి కూడా అదే ఫంక్షన్, కాకపోతే ఫాల్స్ బదులు రౌట్‌కి (అంటే దొంతరలోని పేజీకి) ఉండే ఈజ్‌ఫస్ట్ (ఇది అన్నిటికన్నా కిందున్న మొదటి పేజీయేనా అని చెప్పేది) ఇవ్వండి. హోమ్ మిగులుతుంది, మధ్యలోవి పోతాయి. గో రౌటర్ (పేజీల మార్పుని చూసుకునే ప్యాకేజీ) వాడుతుంటే ఈ రెండు చోట్లా పుష్ బదులు గో అనండి; కాకపోతే పేమెంట్ సక్సెస్‌ని హోమ్ కింద సబ్‌రౌట్‌గా పెడితేనే హోమ్ మిగులుతుంది.

మిమ్మల్ని తర్వాత ఏడిపించేది లోడింగ్ డైలాగ్. షోడైలాగ్‌తో చూపించే గుండ్రటి లోడర్ కూడా నావిగేటర్ (పేజీల దొంతరని చూసుకునేది) లెక్కలో ఒక రౌటే. బ్యారియర్‌డిస్మిసిబుల్‌ని ఫాల్స్ చేస్తే బయట తాకినప్పుడు పోకుండా ఉంటుంది గానీ, బ్యాక్ నొక్కితే మాత్రం శుభ్రంగా పోతుంది. నెట్ నెమ్మదిగా ఉందని యూజర్ బ్యాక్ నొక్కాడనుకోండి, లోడర్ పోయింది. ఈలోగా సర్వర్ నుంచి జవాబు వచ్చింది, లోడర్‌ని మూయడానికి మీ కోడ్ పాప్ (పైనున్నదాన్ని తీసేయ్) అంది. మూయడానికి లోడర్ లేదు కాబట్టి అసలు పేజీయే పోయింది. అది చివరి పేజీ అయితే నల్ల తెర. లాగ్‌లో ఎర్ర గీత ఉండకపోవచ్చు, అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం. ఆ డైలాగ్‌కి మాత్రం పాప్‌స్కోప్ (విల్‌పాప్‌స్కోప్ బదులు వచ్చిన విడ్జెట్) చుట్టి క్యాన్‌పాప్ ఫాల్స్ పెట్టండి.

విల్‌పాప్‌స్కోప్‌ని ఇప్పుడు కొత్తగా వాడకండి, దాన్ని పక్కన పెట్టేశారు. 2023 నవంబర్‌లో వచ్చిన ఫ్లట్టర్ 3.16 నుంచి పాప్‌స్కోప్ ఉంది. పాతదైతే బ్యాక్ నొక్కాక తీరిగ్గా ఆలోచించి అవునో కాదో చెప్పేది. ఆండ్రాయిడ్ 13లో మొదలైన ప్రెడిక్టివ్ బ్యాక్‌లో వేలు అంచు నుంచి జరుపుతుండగానే వెనకాల ఏముందో చూపించాలి, అంటే వెళ్లొచ్చో లేదో సిస్టమ్‌కి ముందే తెలియాలి. అందుకే క్యాన్‌పాప్ అనేది ముందే ఇచ్చే ట్రూ, ఫాల్స్.

ఫారం నింపే పేజీలో ‘సేవ్ చేయకుండా వెళ్లిపోతారా?’ అని అడగాలంటే, ఏదైనా టైప్ చేయగానే సెట్‌స్టేట్‌తో (స్క్రీన్‌ని మళ్లీ గీయించే ఫంక్షన్) క్యాన్‌పాప్‌ని ఫాల్స్ చేయండి. ఆన్‌పాప్‌ఇన్వోక్డ్‌విత్‌రిజల్ట్‌లో (వెనక్కి వెళ్లబోయినప్పుడల్లా పాప్‌స్కోప్ నడిపే ఫంక్షన్) మొదటి లైన్‌లోనే డిడ్‌పాప్ (పేజీ అప్పటికే పోయిందా అన్నది) ట్రూ అయితే రిటర్న్ అనండి. అది లేకపోతే యూజర్ ‘అవును’ అన్నాక మీరు చేసే పాప్‌కి కూడా ఆ ఫంక్షన్ మళ్లీ నడిచి, వెనక పేజీ మీద అదే ప్రశ్న ఇంకోసారి పడుతుంది. డైలాగ్ జవాబు కోసం అవెయిట్ చేశాక కాంటెక్స్ట్ మౌంటెడ్‌గా ఉందో లేదో (అంటే ఆ పేజీ ఇంకా బతికే ఉందో లేదో) కూడా చూసుకోండి.

నన్నడిగితే ఆ ప్రశ్న కూడా అక్కర్లేదు. ఊళ్లలో తిరిగి సర్వే చేసేవాళ్ల యాప్ ఒకటి చూశాను. ఎండలో నిలబడి ఒంటి చేత్తో టైప్ చేస్తుంటే బొటనవేలు అంచుకి తగిలి బ్యాక్ జెస్చర్ పడేది, ఆ హడావుడిలో డైలాగ్‌లో కూడా ‘అవును’ నొక్కేసేవారు. డ్రాఫ్ట్‌ని ఫోన్‌లోనే ఎప్పటికప్పుడు సేవ్ చేసేలా మార్చాక ఆ గొడవే లేదు. బ్యాక్‌ని ఆపాల్సిన పని కూడా పోయింది.

ఐఫోన్‌లో క్యాన్‌పాప్ ఫాల్స్ ఉంటే అంచు నుంచి స్వైప్ అసలు కదలదు, కాబట్టి అక్కడ యాప్‌బార్‌లో బాణం గుర్తు తప్పనిసరిగా ఉంచండి. ఆండ్రాయిడ్‌లో టెస్ట్ చేసేటప్పుడు కింద ఉండే మూడు బటన్లతో ఒకసారి, జెస్చర్‌తో ఒకసారి చూడండి. రెండూ ఒకేలా పనిచేస్తాయని నమ్మొద్దు. ట్యాబ్‌ల లోపల బ్యాక్ నొక్కితే యాప్ మూసుకుపోతోందని చివర్లో రాశారు. ప్రతి ట్యాబ్‌కీ విడి నావిగేటర్ పెట్టారా? ఆ కోడ్ ఇక్కడ పెడితే చూసి చెప్తాను.