ముందు ఐపీస్, తరువాత టెలిస్కోపు

ప్రశ్న: మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద నుంచి 70 మి.మీ. కటకం, 700 మి.మీ. నాభ్యంతరం (కటకం నుంచి బింబం ఏర్పడే చోటికి గల దూరం) ఉన్న టెలిస్కోపుతో మా అబ్బాయీ నేనూ ఆకాశం చూస్తుంటాము. 4 మి.మీ. ఐపీస్ (కన్ను ఆనించి చూసే చిన్న కటకపు గొట్టం) పెడితే శనిగ్రహం మసకబారుతోంది. ఐపీస్ మార్చాలా, టెలిస్కోపునే మార్చాలా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందుగా ఐపీస్‌నే మార్చండి. టెలిస్కోపు నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది కనుక, మీ 4 మి.మీ. ఐపీస్ బింబాన్ని 175 రెట్లు పెంచుతోంది. కానీ 70 మి.మీ. కటకం, గాలి నిలకడగా ఉన్న రాత్రి సైతం, భరించగలిగేది సుమారు 140 రెట్లే. ఆ హద్దు దాటితే బింబం పెద్దదవుతుందే గాని కొత్త వివరమేదీ కనిపించదు, పైగా వెలుగు తగ్గిపోతుంది. చవక టెలిస్కోపుల పెట్టెల మీద గొప్పగా అచ్చువేసే 525 రెట్ల వంటి అంకెలను దయచేసి నమ్మకండి.

ప్లోసల్ అనే నాలుగు కటకాల ఐపీస్ రకంలో 25, 10 మి.మీ. ఐపీసులు రెండు మీకు చాలు. మొదటిది 28 రెట్లతో కృత్తికలను మొత్తంగా చూపుతుంది. రెండవది 70 రెట్లతో, శని వలయాల అంచు మనవైపు తిరిగి ఉండని సంవత్సరాలలో, వాటిని స్పష్టంగా చూపుతుంది. అయితే 10 మి.మీ. ప్లోసల్‌కు కన్ను బాగా దగ్గరగా పెట్టవలసి ఉంటుంది కాబట్టి, కళ్లద్దాలు తీయలేనివారికి అది ఇబ్బందే. కొనేముందు మీ టెలిస్కోపు ఐపీస్ గొట్టం ఒకటింపావు అంగుళం కొలతదో కాదో సరిచూసుకోండి.

తరువాత 150 మి.మీ. దర్పణం గల డాబ్సోనియన్ (సాదా పీఠం మీద తిరిగే దర్పణ టెలిస్కోపు) తీసుకుంటే, దాదాపు నాలుగున్నర రెట్లు ఎక్కువ కాంతి అందుతుంది. ఇవే ఐపీసులు దానికీ పనికివస్తాయి. నగర దీపకాంతి గ్రహాలను అంతగా బాధించదు గాని, నీహారికల కోసం టెలిస్కోపును ఊరి వెలుపలి చీకటికి తీసుకెళ్లవలసిందే.