టెంప్లేటులో మూడు 25లు

ప్రశ్న: మేడమ్, నేను సివిల్ చదివి ఏడాది కిందట చిత్తూరులో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో చేరాను. ఇన్నాళ్ళూ సాఫ్ట్‌వేర్‌లో భవనాల లెక్కలు చూసిన సీనియర్ అన్న బెంగళూరు వెళ్ళిపోయారు. ఆయన చేసిపెట్టిన టెంప్లేటునే ఇప్పుడు ప్రతి ప్రాజెక్టుకూ కాపీ చేస్తున్నాం. సెట్టింగుల పేజీ తెరిస్తే మూడు చోట్ల 25 కనిపిస్తుంది: కాంక్రీటు గ్రేడు 25, కాంక్రీటు బరువు 25, కవరు 25. మా సారేమో "అవే డిఫాల్టుగా పెట్టేయమ్మా, టైము కలిసొస్తుంది" అంటున్నారు. పెట్టేయనా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఒకదాన్ని నిశ్చింతగా పెట్టుకో తల్లీ. ఒకదాన్ని సైటును అడిగి పెట్టు. మూడోది మాత్రం, ఆ గడిలో వేసిన అంకెను సాఫ్ట్‌వేర్ ఏమని చదువుకుంటుందో తెలిసేదాకా ముట్టుకోకు.

నిశ్చింతగా పెట్టుకోదగ్గది బరువు. కమ్మి వేసిన కాంక్రీటుకు ఘనపు మీటరుకు 25 కిలోన్యూటన్లు, కమ్మి లేనిదానికి 24 తీసుకోవచ్చని మన కాంక్రీటు కోడు ఐఎస్ 456లోనే ఉంది. మీ అన్న ఆ అంకెను బహుశా చేత్తో మార్చిపెట్టి ఉంటారు. మన దగ్గర చాలామంది వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్ స్టాడ్‌లో కాంక్రీటు అని ఎంచుకుంటే తనంతట తాను వచ్చే బరువు 23.56. ఈ వంకర అంకె ఎక్కడిదా అని నేను చాన్నాళ్ళు తల గోక్కున్నా. ఒకరోజు పౌండ్లలోకి మార్చి చూస్తే తెలిసింది, అది ఘనపుటడుగుకు 150 పౌండ్లు. అమెరికా వాళ్ళ గుండ్రటి అంకె మన యూనిట్లలోకి వచ్చేసరికి అట్లా ముక్కలైంది. తేడా ఆరు శాతం. దానికే కొంపలు మునగవు గానీ, నువ్వు వేయని అంకె ఒకటి నీ లెక్కలో కూర్చుని ఉందన్న సంగతి తెలియాలి కదా.

సైటును అడగాల్సింది గ్రేడు. గ్రేడంటే కాంక్రీటు బలం. ఎం25 అని తెరమీద నొక్కడం తేలిక. సిమెంటు ఒక బస్తా, ఇసుక ఇన్ని తట్టలు, కంకర ఇన్ని తట్టలు అని నిష్పత్తి లెక్కన కలిపే నామినల్ మిక్స్ ఎం20 వరకే చెల్లుతుందని ఐఎస్ 456 మాట. ఎం25 అంటే మిక్స్ డిజైన్ కావాలి, బలం పరీక్షకు క్యూబులు పోయాలి, నీళ్ళు కొలవాలి. గంగాధర నెల్లూరు వైపు ఒక పల్లెలో ఇల్లు కడుతూ మేస్త్రీ పైపుతో నీళ్ళు పడుతుంటే, నీ కంప్యూటర్లో ఎం25 ఉండి ఏం లాభం? అట్లాంటి ఇంటికి ఎం20తో లెక్క వేసి, స్తంభం ఒక సైజు పెంచడమే మర్యాద. రెడీమిక్స్ బండి వచ్చే చోటయితే ఎం25 పెట్టుకో. అంటే ఇది ఆఫీసు డిఫాల్టు కాదు, ప్రాజెక్టు డిఫాల్టు.

ఇక కవరు. నాకు కోపం తెప్పించే గడి ఇదే. మనవాళ్ళు కవరు అంటే రింగు బయటి అంచు నుంచి కాంక్రీటు ముఖం దాకా. కవర్ బ్లాకు మందం అదే. స్టాడ్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ ఈటాబ్స్‌లో స్తంభానికి అట్లాగే అడుగుతుంది. దూలానికి మాత్రం మెయిన్ కమ్ముల మధ్యబిందువు దాకా ఎంతో చెప్పమంటుంది. 25 కవరు, 8 ఎంఎం రింగు, 16 ఎంఎం కమ్మిలో సగం 8, కలిపితే 41. నువ్వు 25 వేస్తే 300 లోతున్న దూలం 275 దాకా పనిచేస్తుందని అది నమ్ముతుంది. నిజానికి ఉన్నది 259. రెండు వరసల కమ్మి వస్తే ఇంకా తక్కువ. అందుకని ముందు పక్కనున్న బొమ్మ చూడు, బాణం గుర్తు ఎక్కడ ఆగిందో చూడు, ఆ తరవాత అంకె వేయి. స్తంభానికి 40, పునాదికి కనీసం 50 అన్నవి కూడా విడివిడిగా ఉండాలి. ఒకే కవరు అన్నిటికీ అనే గడి ఉంటే దాన్ని ఖాళీ చేసెయ్.

టెంప్లేటు కాపీ చేసి నేను తిన్న దెబ్బ కూడా చెప్పాలి. పదేళ్ళ కిందట తిరుచానూరు రోడ్డు పక్కన ఒక లాడ్జి. కొర్లగుంటలో మేడమీద నా ఆఫీసు, పక్కనే టీ బండి, రాత్రి తొమ్మిదింటికి పని. అంతకుముందు చేసిన ఇంటి ఫైలును కాపీ చేసి పేరు మార్చాను. అందులో లైవ్ లోడు, అంటే మనుషులూ సామానూ వేసే బరువు, డిఫాల్టు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు. గదులకు సరిపోతుంది. వరండాలకూ మెట్లకూ 3 అని గుర్తుండి మార్చాను. పై అంతస్తులో చిన్న ఫంక్షన్ హాలు ఉంది. కుర్చీలు బిగించని సభా స్థలానికి 5 వేయాలి. దాన్ని మరిచాను. తెరమీద అన్నీ పచ్చగానే ఉన్నాయి, ఎందుకుండవు, నేను చెప్పిన 2కు అది సరిగ్గానే లెక్క కట్టింది.

పట్టుకున్నది సాఫ్ట్‌వేర్ కాదు, కమ్మి మేస్త్రీ. సెంట్రింగు పైన గొంతుకూర్చుని, డ్రాయింగు మీద వేలు పెట్టి, "ఏంది మేడమ్, పెండ్లిండ్ల హాలుకూ ఇంటి కమ్మేనా?" అన్నాడు. ఆయనకు బరువుల కోడు ఐఎస్ 875 తెలియదు. కింది గదుల్లో ఏ కమ్మి ఎంత దూరంలో కట్టాడో చేతికి గుర్తుంది, అంతే. నేను అక్కడే సిమెంటు బస్తా మీద కూర్చుని లెక్క వేశా. 125 మందం స్లాబు బరువు 3.125, ఫ్లోరింగు 1, లైవ్ 2, మొత్తం 6.125. భద్రత కోసం ఒకటిన్నరతో గుణిస్తే 9.19. లైవ్ 5 చేస్తే 13.69. దాదాపు సగం పెరిగింది. కాంక్రీటు రెండు రోజుల్లో పోయాల్సింది. ఆపించి, స్లాబుతో పాటు కింది దూలాలూ మళ్ళీ చేసి, ఓనరుకు ఆలస్యానికి కారణం నా తప్పేనని చెప్పుకున్నా. ఆయన పెద్దగా ఏమీ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పటి నుంచి మా ఆఫీసు టెంప్లేటులో లైవ్ లోడు గడి ఖాళీ. నేల బలం గడి ఖాళీ. గాలి వేగం, భూకంప జోను కూడా ఖాళీయే. కొత్తగా చేరిన పిల్లలు "ఎర్రర్ వస్తోంది మేడమ్" అంటారు. రానీ.

గాలి సంగతే చూడు. చిత్తూరు మద్రాసు బెంగళూరు దారిలో ఉంది. కోడు పట్టికలో బెంగళూరుకు సెకనుకు 33 మీటర్లు, చెన్నైకి 50. పీడనం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ రెంటి మధ్య తేడా రెండింతల పైమాటే, చదరపు మీటరుకు 653 న్యూటన్లకు 1500. రేపు మీ అన్న బెంగళూరు నుంచి ఒక ఫైలు పంపితే, దాన్ని కళ్ళు మూసుకుని వాడితే ఏమవుతుందో నువ్వే ఊహించుకో. మీ ఊరికి ఎంతో నేను చెప్పను. పటం తీసి, నీ సైటు మీద వేలు పెట్టి చూసుకో. భూకంపానికీ అంతే, 2016 కోడులో బెంగళూరు రెండో జోను, చెన్నై మూడోది.

పక్కనే ఆర్ అని ఇంకో గడి ఉంటుంది, భవనం విరగకుండా సాగే గుణాన్ని బట్టి భూకంప బలాన్ని ఎంత తగ్గించి లెక్క వేయొచ్చో చెప్పే అంకె. చాలా ఫైళ్ళలో అందులో 5 ఉంటుంది. 5 పెడితే 3తో వచ్చే భూకంప బలంలో అరవై శాతమే వస్తుంది, కమ్మి తగ్గుతుంది, ఓనరుకు సంతోషం. కానీ ఆ 5 ఊరికే రాదు. భూకంపానికి కమ్మి ఎట్లా కట్టాలో చెప్పే ఐఎస్ 13920 ప్రకారం రింగుల కొక్కేలు 135 డిగ్రీలకు లోపలికి వంచాలి, దూలం స్తంభం కలిసే చోట రింగులు దగ్గరదగ్గరగా రావాలి. సైటులో 90కే వంచి వదిలేస్తుంటే నీ 5 అబద్ధం. టెంప్లేటు తేదీ కూడా చూడు తల్లీ. భూకంపం కోడు 2016లో, గాలి కోడు 2015లో మారాయి. అంతకుముందు చేసిన ఫైలయితే 200 మందికి మించి ఉండే భవనాలకు వేయాల్సిన 1.2 ప్రాముఖ్యత గుణకం అందులో దొరకదు.

మీ సారుకు ఇట్లా చెప్పు: డిఫాల్టులు పెడదాం సార్, కాకపోతే ప్రతి అంకె పక్కనా ఎవరు వేశారు, ఏ కాగితం చూసి వేశారు, ఏ తేదీ అని ఒక గడి పెడదాం. మా దగ్గర అది ఒక్క ఏ4 కాగితం. ఫైలు అట్టకు లోపలివైపు అంటిస్తాం.

ప్రశ్న: ప్రాజెక్టు సగంలో ఉండగా కమ్మి గ్రేడు 415 నుంచి 500కు మార్చాం. డిఫాల్టు మార్చితే అంతకుముందు చేసిన దూలాలన్నీ వాటంతటవే మారతాయా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: కొన్నిట్లో మారతాయి, కొన్నిట్లో ఆ తరవాత పెట్టినవాటికే అంటుకుంటుంది. చేత్తో ఒకసారి మార్చిన దూలం మామూలుగా డిఫాల్టు మాట వినదు. మాన్యువల్ తిరగేసేకంటే ఒక మొరటు పద్ధతి ఉంది నాయనా. ఫైలును కాపీ చేసుకో, కాపీలో గ్రేడును ఎక్కడా లేనంత తక్కువ, 250 అని వేయి, మళ్ళీ రన్ చెయ్. కమ్మి ఒక్కసారిగా పెరిగినవి డిఫాల్టును వింటున్నాయి. కదలకుండా కూర్చున్నవి సొంత అంకె పట్టుకుని ఉన్నాయి. వాటి పేర్లు రాసుకుని ఒక్కోటీ తెరువు. ఈటాబ్స్‌లో కొత్త ఫైలు మొదలుపెట్టేటప్పుడు, దాచుకున్న సొంత సెట్టింగులు వాడాలా, వేరే మోడలు ఫైలు నుంచి తెచ్చుకోవాలా, అందులో ఉన్నవే వాడాలా అని అడుగుతుంది. ఆ పెట్టెను చదవకుండా ఓకే కొట్టేవాళ్ళే ఎక్కువ. కాపీని మాత్రం పని కాగానే డిలీట్ చెయ్, లేకపోతే ఎవరో దాన్నే సైటుకు పంపుతారు.

ప్రశ్న: మా ఇంటికి ఇంజనీరు నలభై పేజీల ప్రింటు ఇచ్చారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏం చూడాలి?
– ఒక గృహ యజమాని, తిరుపతి

జవాబు: అన్నా, మొదటి రెండు పేజీలు చాలు. రేపు ఇంకో అంతస్తు వేసే ఆలోచన ఉంటే అది లెక్కలో ఉందా అని అడగండి. గోడలు ఎర్ర ఇటుకా, తేలిక బ్లాకులా అని అడగండి, మధ్యలో మనసు మార్చుకుని ఇటుకకు వెళ్తే దూలం మీద బరువు చాలా పెరుగుతుంది. నీళ్ళ ట్యాంకు ఎక్కడ పెడతారో చూపించి, ఎన్ని లీటర్లో చెప్పండి. 5000 లీటర్లంటే నీళ్ళే 5 టన్నులు. దాన్ని ప్లంబరు తనకు పైపు దగ్గరగా ఉన్న మూలన పెట్టేస్తాడు.