అడగండి, చెబుతాను: సోషియాలజీ పీహెచ్‌డీ అప్లికేషన్ల టెన్షన్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. నేను సోషియాలజీ పాఠాలు చెప్పినదాన్ని, ఒక అమెరికన్ యూనివర్సిటీలో కొన్నేళ్లు పీహెచ్‌డీ అడ్మిషన్ కమిటీలో కూర్చున్నదాన్ని. అందుకే మూడింటికీ ఈ సంచికలోనే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను సోషియాలజీలో ఎం.ఏ. చేశాను. అమెరికాలో పీహెచ్‌డీకి అప్లై చేద్దామని పన్నెండు యూనివర్సిటీలు ఎంచుకున్నాను. డిసెంబరు గడువులు ఇంకా దూరమే అయినా ఇప్పుడే ముంచుకొస్తున్నట్టుంది. ఎస్‌ఓపీ (ఏం పరిశోధిస్తానో చెప్పుకునే వ్యాసం) మొదటి పేరా ఎన్నిసార్లు మార్చానో లెక్కే లేదు, మార్చినకొద్దీ ఇంకా పాడవుతోంది. రికమెండేషన్ లెటర్ ఇస్తానన్న సార్ ఒకరు మెయిళ్లకు జవాబివ్వడం మానేశారు. నాతో చదివినవాళ్లంతా ఉద్యోగాల్లో కుదురుకున్నారు. నాకేమో రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది, ఇంకా అప్లై కూడా చేయని యూనివర్సిటీ నన్ను రిజెక్ట్ చేసినట్టు గుండె దడదడలాడుతోంది. అసలు నేను దీనికి పనికొస్తానా? నా థీసిస్ ఫుడ్ డెలివరీ చేసే కుర్రాళ్ల మీద. ఎస్‌ఓపీ, థీసిస్‌లో ఒక అధ్యాయం జత చేస్తున్నాను. వీలైతే చూడండి.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. పనికొస్తారా రారా అన్నది నేను తేల్చలేను. ఆ మాటకొస్తే అడ్మిషన్ కమిటీ కూడా తేల్చదు. అక్కడ బల్ల మీదుండే ప్రశ్న వేరు: ఈ ఏడాది మన దగ్గర డబ్బున్న సీట్లెన్ని, ఈ అమ్మాయి చేస్తానంటున్న పనికి గైడ్‌గా ఉండగలిగేవాళ్లు మనలో ఎవరున్నారు?

ఫైళ్లు వందల్లో వస్తాయి. సీట్లు చాలాచోట్ల పదికి అటూ ఇటూ, చిన్న డిపార్టుమెంటయితే అయిదో ఆరో. చేర్చుకున్నవాళ్లకు మామూలుగా అయిదేళ్లు ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, టీచింగ్ అసిస్టెంటుగానో రిసెర్చ్ అసిస్టెంటుగానో పెట్టుకుని స్టయిపెండ్ ఇవ్వాలి. అంటే ఒక్కో సీటూ పెద్ద ఖర్చు. ఒక ఏడాది కార్మికుల మీద పని చేస్తానన్న అబ్బాయి ఫైలు మా కమిటీలో అందరికీ నచ్చింది. కానీ ఆ రంగం చూసే ప్రొఫెసర్ దగ్గర అప్పటికే ఇద్దరు కొత్త విద్యార్థులున్నారు, పైగా ఆవిడ వచ్చే ఏడాదంతా సెలవులో ఉండబోతున్నారు. "తీసుకుంటాం సరే, చూసేదెవరు?" అన్నారొకాయన. ఎవరూ నోరెత్తలేదు. ఫైలు పక్కకు వెళ్లిపోయింది. ఆ అబ్బాయికి మాత్రం "ఈసారి పోటీ చాలా ఎక్కువగా ఉంది" అని అందరికీ పంపే రెండు వాక్యాలే వెళ్లాయి. అవి చదువుకుని తనలో ఏ లోపాలు వెతుక్కున్నాడో పాపం.

ఒక్కోసారి సీట్లే ఉండవు. 2024 నవంబరులో బోస్టన్ యూనివర్సిటీ, 2025-26కి సోషియాలజీతో సహా పలు హ్యుమానిటీస్, సోషల్ సైన్స్ పీహెచ్‌డీల్లో కొత్తవాళ్లను తీసుకోబోమని చెప్పేసింది. ఎంత అద్భుతంగా రాసినవారికైనా ఆ ఏడాది అక్కడ చోటు లేదు. అందుకని ఫీజు కట్టేముందు ఈసారి అడ్మిషన్లు ఉన్నాయా అని ఆ డిపార్టుమెంటు వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ఇదంతా న్యాయంగా జరుగుతుందని కూడా నేననను. జూలీ పోసెల్ట్ అనే పరిశోధకురాలు పేరున్న పది డిపార్టుమెంట్లలో పీహెచ్‌డీ అడ్మిషన్లు ఎలా జరుగుతాయో పరిశీలించి 2016లో పుస్తకం వేశారు. తొలి వడపోతలో ప్రొఫెసర్లు జీఆర్‌ఈ అనే ప్రవేశ పరీక్ష స్కోరు మీద, చదివిన కాలేజీ పేరు మీద ఎంతగా ఆధారపడతారో అందులో ఉంది. ఆ తర్వాత చాలా సోషియాలజీ డిపార్టుమెంట్లు జీఆర్‌ఈ తీసేశాయి. కాలేజీ పేరు మాత్రం ఫైల్లో అలాగే ఉంది. అంతకుముందే, 2004లో, వాల్ బరిస్ అనే సోషియాలజిస్టు డిపార్టుమెంట్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలను లెక్కతీసి, ఎవరి దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లను ఎవరు ఉద్యోగంలోకి తీసుకుంటారన్న దానితోనే వాటి పరపతి ముడిపడి ఉందని చూపించారు. అసమానతల మీద సిలబస్సులు రాసేది మేమే మరి.

మీరు గడువుదాకా కుస్తీ పట్టాల్సినవి రెండే: ఎస్‌ఓపీ, రైటింగ్ శాంపిల్ (నమూనాగా పంపే మీ థీసిస్ అధ్యాయం). రెండూ చదివాను.

మీ ఎస్‌ఓపీ మొదటి వాక్యం, "చిన్ననాటి నుంచీ సమాజంలోని అసమానతలు నన్ను కలచివేసేవి." ఎవరిని కలచివేయవు చెప్పండి? ఇలా మొదలయ్యే ఫైళ్లు చదివీ చదివీ మాకు కళ్లు ఆ వాక్యం మీద ఆగడం మానేశాయి. రెండో పేరాలో సిద్ధాంతకర్తలు మార్క్స్, వెబర్, బోర్దియూ వరసగా వచ్చారు, మీరు మాత్రం రాలేదు. అసలు సరుకు మీ అధ్యాయంలో పదిహేడో పేజీ అడుగున, ఫుట్‌నోట్‌లో దాక్కుని ఉంది. డెలివరీ చేసే అన్నదమ్ములిద్దరికీ యాప్‌లో ఐడీ ఒక్కటే, అన్న పేరు మీద. పగలు అన్న, రాత్రి తమ్ముడు అదే ఐడీతో బండి తిప్పుతారు. రాత్రి తమ్ముడు ఆలస్యం చేసి రేటింగ్ పడగొడితే పొద్దున అన్నకు ఆర్డర్లు తగ్గుతాయి. ఆ నష్టాన్ని ఇద్దరూ ఎలా పంచుకుంటారో వాళ్లు మీకు చెప్పారు. మీరు దాన్ని నాలుగు లైన్లలో చిన్న అక్షరాల్లో పెట్టి ముందుకు వెళ్లిపోయారు. మీ పీహెచ్‌డీ ప్రశ్న అక్కడుందమ్మా!

మొదటి పేరా ఇలా రాసి చూడండి: "ఒకే ఐడీ మీద ఇద్దరు పని చేస్తున్నప్పుడు యాప్ వాళ్లను ఒక్క మనిషిగానే లెక్కిస్తుంది. రేటింగ్ పడిపోతే ఆ నష్టం ఎవరి వాటాకు పోతుంది, ఆ తగాదా ఎవరు తీరుస్తారు? నా ఎం.ఏ. థీసిస్ ఈ ప్రశ్న దాకా వచ్చి ఆగిపోయింది." చదివినవాళ్లకు వెంటనే మీతో వాదించాలనిపిస్తుంది. అన్నదమ్ములు కాబట్టి సరిపోయింది, ఐడీ అద్దెకు తీసుకున్నవాడయితే? ఒక్కరే నడిపే ఐడీలతో పోల్చి చూశావా? ఇలా వాదన పెట్టించిన ఫైలు మీటింగ్ దాకా వస్తుంది. వెబర్‌ను ఆ తర్వాత పిలవండి, పనుంటే.

ఒక జాగ్రత్త. ఐడీ పంచుకున్నట్టు తెలిస్తే ఆ కుర్రాళ్ల పని పోయే ప్రమాదం ఉంది. పేర్లు మార్చారు, బాగుంది. కానీ వాళ్లు నిలబడే చోటు, బండి రంగు, తమ్ముడు చదివే కోర్సు అన్నీ అలాగే ఉంచారు. తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. తీసేయండి.

రైటింగ్ శాంపిల్ సాధారణంగా ఇరవై, పాతిక పేజీలు అడుగుతారు. మీ అధ్యాయం ముప్ఫై దాటింది. ఫాంటు చిన్నది చేసి ఇరికించకండి, చదివేవాళ్లలో చాలామందికి చత్వారం వచ్చేసింది. ముందున్న పన్నెండు పేజీల లిటరేచర్ రివ్యూను (ఇదివరకటి పరిశోధనల సమీక్షను) రెండు పేజీలకు కోస్తే సరిపోతుంది. ఒక్కో యూనివర్సిటీకి పంపే ఎస్‌ఓపీలో అక్కడి ప్రొఫెసర్లు ఇద్దరిని, మీరు నిజంగా చదివినవాళ్లను, ఎందుకో చెబుతూ ప్రస్తావించండి. "మీ డిపార్టుమెంటు ప్రపంచప్రసిద్ధం" అని రాయక్కర్లేదు, ఆ సంగతి వాళ్లకు మనకంటే గట్టి నమ్మకం. అలా ఇద్దరి పేర్లు చెప్పలేని యూనివర్సిటీని లిస్టులోంచి కొట్టేయండి. పన్నెండు ఏడెనిమిదికి దిగుతాయి, ఫీజులూ మిగులుతాయి. ఫీజు మినహాయింపు ఉందేమో అప్లై చేయకముందే అడగండి. విదేశీ విద్యార్థులకు అన్నిచోట్లా ఇవ్వరు, కొన్నిచోట్ల ఇస్తారు.

ఇక ఆ సార్ సంగతి. కోపంతో కాదు, చాలామంది ప్రొఫెసర్లు మెయిల్ చూసి "తీరిగ్గా రాద్దాం" అనుకుని మరిచిపోతారు. ఇలా పంపండి: "సార్, మొదటి గడువు ఫలానా తేదీ. మీకు ఇప్పుడు తీరిక లేకపోతే ఈ శుక్రవారంలోగా ఒక్క మాట చెప్పండి, వేరే ఏర్పాటు చేసుకుంటాను." గడువుల పట్టిక, ఎస్‌ఓపీ, ఆయన క్లాసులో మీరు రాసిన పేపరు జత చేయండి. ఎదుటివారికి తప్పుకునే దారి ఇస్తే జవాబు తొందరగా వస్తుంది. ఈలోపు లెటర్ కోసం ఇంకో మనిషిని అడిగి పెట్టుకోండి. ఆయన పేరు పెద్దదని పట్టుకు వేలాడకండి. మీ పనిని దగ్గరగా చూసిన జూనియర్ లెక్చరర్ రెండు పేజీల లెటర్, మిమ్మల్ని సరిగా గుర్తులేని పెద్దాయన అయిదు లైన్ల లెటర్ కంటే మేలు. అప్లికేషన్‌కు గడువంటే గడువే. లెటర్లకు మాత్రం చాలాచోట్ల కొన్ని రోజులు చూసీచూడనట్టు పోతారు. కాబట్టి ఆయన ఆలస్యం చేశారని మీరు సబ్మిట్ చేయడం ఆపొద్దు.

ఫలితాలు ఎక్కువగా జనవరి చివరి నుంచి మార్చి దాకా వస్తాయి. వెయిట్‌లిస్టులో పెట్టారంటే వద్దన్నట్టు కాదు. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ వాళ్ల ఏప్రిల్ 15 ఒప్పందం అని ఒకటుంది. అందులో చేరిన యూనివర్సిటీలు, ఫండింగ్‌తో సీటిచ్చినవాళ్లను ఆ తేదీకి ముందే తేల్చి చెప్పమని బలవంతపెట్టకూడదు. కొందరు చివరిదాకా రెండు మూడు సీట్లు చేతిలో పెట్టుకుని కూర్చుంటారు. అందుకే వెయిట్‌లిస్టు ఏప్రిల్ రెండో వారంలో ఉన్నట్టుండి కదులుతుంది.

మూడింటి మెలకువ గురించి. నొప్పి పన్నును నాలుకతో తడుముతున్నట్టు, లేచిన ప్రతిసారీ ఫోన్ తీసి మెయిల్ చూస్తున్నారని నా అనుమానం. ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకోండి. అప్పటికీ రెండు మూడు వారాలు నిద్ర ఇలాగే ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అప్లికేషన్లు అయిపోయాక చూద్దాంలే అనుకోవద్దు, అవి అయిపోయాక మొదలయ్యే ఎదురుచూపులు ఇంకా పొడుగు.

ప్రశ్న: మా అమ్మాయి పోయిన డిసెంబరులో పీహెచ్‌డీకి అప్లై చేసింది. సోషియాలజీ. మూడు చోట్ల రాలేదని మాత్రం తెలుసు. గదిలోంచి బయటికి రాదు. ఏమైనా తెలిసిందా అని అడిగితే కస్సుమంటుంది. అడగకపోతే మీకేం పట్టదంటుంది. మేము ఏం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అడగకండమ్మా. ఏదైనా వస్తే ఆ పిల్ల చెప్పకుండా ఉండలేదు. మీరు అడిగిన ప్రతిసారీ "ఇంకా ఏమీ రాలేదు" అని తన నోటితో చెప్పాల్సి వస్తోంది, ఆ కస్సుబుస్సు అందుకే. ఆ మాట తనతోనే అనండి: "నేనిక అడగను, నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు." అన్నాక నిజంగానే అడగకండి, వాళ్ల నాన్నగారి చేత కూడా అడిగించకండి. బంధువులు అడిగితే జవాబు మీరే చెప్పి అక్కడితో తుంచేయండి. మీకేం పట్టదన్న మాటకు మందు వేరే ఉంది. తను ఏం చదవాలనుకుంటోందో ఒకసారి కూర్చోబెట్టి చెప్పించుకోండి. ఫలితం ప్రసక్తి లేకుండా, విషయం గురించి. పరిశోధన చేసే పిల్లలను ఇంట్లో ఎవరూ ఆ ఒక్కటి అడగరు. తిండి మానేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా మాత్రం అది అప్లికేషన్ల టెన్షన్ కాదు, ఆ రోజే డాక్టర్‌కు చూపించండి.

ప్రశ్న: పీహెచ్‌డీకి అప్లై చేస్తే ఒక యూనివర్సిటీ "తీసుకోలేం, కానీ మా ఏడాది మాస్టర్స్‌లో చేరవచ్చు" అంది. ఫీజు మేమే కట్టుకోవాలి. ఆశ వదులుకోవాలా, అప్పు చేయాలా? మూడు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ.
– ఒక పాఠకుడు

జవాబు: ఆ మెయిల్ మీ ఒక్కరికే రాలేదు, చాలామందికి వెళ్తుంది. ఫీజుల మీద నడిచే కోర్సులవి. అందులో చెడ్డ చదువేమీ ఉండదు, కొందరు అక్కడినుంచి మంచి పీహెచ్‌డీలకు వెళ్లారు కూడా. కానీ దాన్ని సగం సీటు అనుకోకండి. అదే యూనివర్సిటీ పీహెచ్‌డీకి మళ్లీ అందరితో పాటు అప్లై చేయాల్సిందే. పైగా ఏడాది కోర్సులో చేరిన మూడు నాలుగు నెలలకే డిసెంబరు గడువులు వచ్చిపడతాయి. అప్పటికి మీకు లెటర్ రాయగలిగేంతగా ఏ ప్రొఫెసర్‌కు తెలిసి ఉంటారు?

వాళ్లకు మూడు ప్రశ్నలు పంపండి. గత రెండేళ్లలో ఈ కోర్సు నుంచి ఎంతమంది ఫండింగ్ ఉన్న పీహెచ్‌డీలకు వెళ్లారు, ఎక్కడికి? థీసిస్‌కు గైడ్‌గా డిపార్టుమెంటు ప్రొఫెసర్ ఉంటారా? ఫీజులో తగ్గింపు ఎంత? మొదటిదానికి అంకెలు చెప్పకుండా "మా పూర్వ విద్యార్థులు ఎన్నో రంగాల్లో రాణిస్తున్నారు" అని జవాబొస్తే అప్పు చేయకండి. అంకెలు చెప్పినా, ఇల్లు తాకట్టు పెట్టాల్సిన అప్పయితే నా ఓటు ఇంట్లో వద్దంటున్నవాళ్లకే. వచ్చే డిసెంబరుకు మళ్లీ రాయండి. ఈసారి మీ రైటింగ్ శాంపిల్ నాకు కూడా పంపండి, చూసి చెబుతాను.